కార్బ్యురేటర్ ఉంచుకోవాలా, ఇంజెక్షన్‌కి మారాలా?

పెట్రోల్ రేటు పెరిగిన ప్రతిసారీ పాత వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) కార్లు, హాట్ రాడ్‌లు (స్పీడు కోసం మార్పులు చేసిన పాత కార్లు) ఉన్నవాళ్లకి ఇదే టెన్షన్: పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే పాత కార్బ్యురేటర్‌తోనే ఉండి తక్కువ తిప్పాలా, లేక పెట్రోల్‌ని కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్, అదే స్పీడులో ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ పెట్టించాలా?

లెక్క చూడండి. ఏడాదికి 1,500 కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకి 6 ఇస్తే 250 లీటర్లు తాగుతుంది, ఎలాగోలా 8కి తెచ్చినా మిగిలేది 60 లీటర్ల పైచిలుకే, దాంతో ఇంజెక్షన్ కిట్ ఖర్చు తిరిగి రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే తక్కువ తిరిగేవాళ్లకి నా ఓటు కార్బ్యురేటర్‌కే, జెట్లు (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రాలు), ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) సరిగ్గా పెట్టించుకుంటే చాలు. కాకపోతే నెలల తరబడి ఆపేస్తే ట్యాంకులో పెట్రోల్ పాడవుతుంది.

హైవే మీద దూరాలు వెళ్లేవాళ్ల సంగతి వేరు. 0.70 గేర్ నిష్పత్తి ఉన్న ఓవర్‌డ్రైవ్‌తో అదే స్పీడులో 3,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) కాస్తా 2,100కి దిగుతుంది, చెవులకీ హాయి. తీసిన పాత గేర్‌బాక్స్ మాత్రం అమ్మకండి, దాచుకోండి.