సయాటికాలో మలబద్ధకం: జొన్నరొట్టెనా, ఇసబ్‌గోలా?

సయాటికా అంటే నడుము నుంచి కాలిలోకి దిగే నరం నొక్కుకుపోయి వచ్చే నొప్పి. ఆ నరాన్ని ఏ తిండీ వదిలించదు. కానీ ముక్కితే వెన్నులో ఒత్తిడి పెరిగి, నొప్పి పిరుదు నుంచి పిక్కదాకా జివ్వున లాగుతుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవారికి మలబద్ధకం ఇంకా ఎక్కువ.

నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో ఇసబ్‌గోలే (నీళ్లలో ఉబ్బే గింజల పొట్టు) నయం. కానీ ట్రమడాల్ లాంటి మాత్రల వల్ల వచ్చిన మలబద్ధకానికి ఇది సరిపడదు, డాక్టర్‌ని అడగాలి. ఒకటి నుంచి మూడు రోజుల్లో పనిచేస్తుంది. చెంచాడు పొట్టు నిండు గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగేయాలి. నీళ్లు తగ్గితే గొంతులోనో పేగులోనో అడ్డుపడుతుంది. మిగతా మందులకు రెండు గంటల ఎడం ఉంచాలి.

ఎల్లకాలం సాగేది మాత్రం తిండే: రాత్రి తెల్లన్నం బదులు రెండు జొన్నరొట్టెలు, తోటకూర పప్పు, పొద్దున జామకాయ. పీచు ఒక్కసారే పెంచితే కడుపు ఉబ్బుతుంది, మెల్లగా పెంచండి.

మూత్రం బిగిసినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా ఈ రెండూ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.