కడుపులో బిడ్డ మెదడుకు న్యూరోసోనోగ్రఫీనా, ఎంఆర్ఐనా: ఏది మేలు?

ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ రిపోర్టులో "మెదడు గదులు కాస్త పెద్దవిగా ఉన్నాయి" అన్న మాట కనబడగానే ఇంట్లో అందరి నోటా వచ్చేది ఒకటే: "ఎంఆర్ఐ తీయించేద్దామా?" ముందు ఆ రిపోర్టులో అంకె చూడండి. మెదడులో ద్రవం నిండి ఉండే పక్క గదుల వెనక భాగం వెడల్పు ఏ వారంలోనైనా 10 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. 10 నుంచి 12 వరకు స్వల్పం, 12 నుంచి 15 వరకు మధ్యస్థం, 15 దాటితే తీవ్రం. కొలిచేటప్పుడు గీత గది గోడ లోపలి అంచు నుంచి ఎదుటి గోడ లోపలి అంచుకు నిటారుగా పడాలి. గీత కాస్త ఏటవాలుగా పడినా అంకె పెరిగిపోతుంది. అందుకే 10.3 అని వచ్చినవాళ్లు ముందు చేయించాల్సింది అనుభవం ఉన్న చేత మళ్లీ కొలత. చాలామంది దిగులు అక్కడే తీరిపోతుంది.

ఆ మళ్లీ చూడటాన్నే పద్ధతిగా చేస్తే న్యూరోసోనోగ్రఫీ అంటారు. యంత్రం అదే అల్ట్రాసౌండ్, తేడా చూసేవారిలోనూ కోణాల్లోనూ ఉంది. మామూలు స్కాన్‌లో తలను అడ్డంగా మూడు చోట్ల చూసి వదిలేస్తారు. ఇందులో నిలువుగా, ముందు నుంచి వెనక్కి కూడా చూస్తారు. బిడ్డ తల కిందికి ఉంటే యోని మార్గంలో ప్రోబ్ (స్కాన్ చేసే పరికరం) పెట్టి, మాడు మెత్తగా ఉన్నచోటు నుంచి కిటికీలోంచి చూసినట్టు చూస్తారు. మెదడు రెండు అర్ధభాగాలను కలిపే కార్పస్ కలోసమ్ మొత్తం ఒకే చిత్రంలో దొరికేది అప్పుడే. సున్నపు చుక్కలు (కాల్షియం పేరుకున్న మచ్చలు) ఇందులో బాగా తెలుస్తాయి. అదే పూట రక్తప్రవాహం చూసే డాప్లర్ కూడా అయిపోతుంది, రెండు వారాలకోసారి చేసినా ఇబ్బంది లేదు.

దీని ఇబ్బందులు దీనికున్నాయి. ప్రోబ్‌కు దగ్గరగా ఉన్న అర్ధభాగం పుర్రె నీడలో పడి సరిగా కనబడదు. తల్లి బరువు ఎక్కువైనా, ఉమ్మనీరు తగ్గినా, నెలలు నిండి పుర్రె గట్టిపడినా చిత్రం మసకేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, రక్తం అందక దెబ్బతిన్న మెదడు లోపలి తెల్ల పదార్థం (నరాల తీగలుండే భాగం) ఇంకా గుల్లబారకముందు అల్ట్రాసౌండ్‌కు మామూలుగానే కనబడవచ్చు.

ఎంఆర్ఐ బలం సరిగ్గా అక్కడే. 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) యంత్రం చాలు, కాంట్రాస్ట్ మందు ఎక్కించరు. ఒక్కో చిత్రం సెకను లోపే, 3-4 మిల్లీమీటర్ల మందంతో తీస్తారు. బిడ్డ కదిలితే ఆ వరస మళ్లీ తీయాలి కాబట్టి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. రెండు అర్ధభాగాలూ సమానంగా కనబడతాయి. రక్తం అందక తాజాగా తగిలిన దెబ్బను డిఫ్యూజన్ చిత్రాలు పట్టిస్తాయి.

కానీ వారం తప్పితే ఎంఆర్ఐ కూడా దండగే. 24 వారాల ముందు బిడ్డ మెదడు సహజంగానే నున్నగా ఉంటుంది, మడతలు పడలేదన్న తీర్పు అప్పుడు చెప్పలేరు. మడతల లోపాలకు 28 నుంచి 32 వారాల మధ్య మంచి సమయం. ఇక్కడ చట్టం గడియారం అడ్డొస్తుంది. గర్భస్రావ చట్టానికి (ఎంటీపీ) చేసిన 2021 సవరణ ప్రకారం 24 వారాలు దాటాక గర్భస్రావం కోరాలంటే తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. అందుకే కొందరికి 21-22 వారాలకే ఎంఆర్ఐ చేస్తారు. అది బాగుందని వచ్చినా, ముప్పు ఉన్న గర్భమైతే 30 వారాల దగ్గర మళ్లీ తీయించాల్సిందే.

బ్రిటన్‌లో 570 మంది గర్భస్థ శిశువులపై చేసి 2017లో లాన్సెట్‌లో వచ్చిన మెరిడియన్ అధ్యయనంలో సరైన రోగ నిర్ధారణ అల్ట్రాసౌండ్‌తో 68 శాతం, ఎంఆర్ఐతో 93 శాతం. ఈ అంకెలు చూపించి అందరికీ ఎంఆర్ఐ రాయడం సరికాదు. అందులో ఉన్నవాళ్లంతా అల్ట్రాసౌండ్‌లో అప్పటికే తేడా కనబడినవాళ్లు, పైగా ఆ స్కాన్లలో చాలావరకు పూర్తిస్థాయి న్యూరోసోనోగ్రఫీ కాదు.

ఎంఆర్ఐ వదులుకోకూడని సందర్భం ఒకటుంది: ఒకే మాయ పంచుకున్న కవలల్లో ఒక బిడ్డ పోయినప్పుడు. మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి. ఒక గుండె ఆగగానే రెండో బిడ్డ రక్తం అటు పారి, మెదడుకు ఒత్తిడి పడిపోతుంది. దెబ్బ అప్పుడే తగిలిపోతుంది కాబట్టి హడావుడిగా సిజేరియన్ చేసినా ఆ నష్టాన్ని వెనక్కి తిప్పలేరు. మర్నాడు తీసిన అల్ట్రాసౌండ్ బాగుందని ఊరట పడొద్దు. వెంటనే చూడాల్సింది మెదడు ధమనిలో రక్తవేగం, అది రక్తహీనతను చెబుతుంది. ఆ తర్వాత 4 నుంచి 6 వారాలకు ఎంఆర్ఐ. నష్టం స్పష్టంగా ఆకారం దాల్చేది అప్పటికే.

తల్లికి సీఎంవీ (సైటోమెగాలో వైరస్) సోకితే రెండూ కావాలి: రెండు నుంచి నాలుగు వారాలకోసారి న్యూరోసోనోగ్రఫీ, 30 వారాల దగ్గర ఒక ఎంఆర్ఐ. సున్నపు చుక్కలు మొదటిదానికి, తెల్ల పదార్థంలో మార్పులు రెండోదానికి దొరుకుతాయి. బీపీ వల్ల బిడ్డ ఎదుగుదల తగ్గిన కేసుల్లో మాత్రం కాన్పు ఎప్పుడన్నది డాప్లరే చెబుతుంది, ఎంఆర్ఐకి పరుగెత్తనక్కర్లేదు. గదులు పెరిగాయని ఖాయమైతే ఇన్ఫెక్షన్ పరీక్షలు, ఉమ్మనీటితో జన్యు పరీక్ష కూడా అడగండి. కారణాన్ని చిత్రం ఒక్కటే చెప్పలేదు.

ప్రసవ సమయంలో ఊపిరాడక తగిలే దెబ్బను ఈ రెండూ ముందే చూపలేవు.

ఎంఆర్ఐకి వెళ్లేటప్పుడు రిఫరల్ చీటీలో మూడు ఉండాలి: మొదటి స్కాన్ ప్రకారం ఎన్నో వారం, పాత కొలతలు, దేనికోసం చూడాలో. "ఫీటల్ ఎంఆర్ఐ" అని మాత్రమే రాస్తే డిఫ్యూజన్ తీయకుండా ముగించేయవచ్చు. పిన్నీసులు, జరీ చీర, నగలు ఇంట్లోనే వదలండి. వేళ్లు వాచి మెట్టెలు రాకపోతే ముందురోజు రాత్రే సబ్బునీళ్లతో తీయండి. లోపల వెల్లకిలా ఉండలేకపోతే ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెట్టమనండి. సీడీ భద్రంగా ఉంచుకోండి, పుట్టాక బిడ్డకు తీసే స్కాన్‌ను పిల్లల డాక్టరు దానితోనే పోల్చి చూస్తారు.