లేజర్ అద్దం తుడిచే పుల్ల ఉన్న కలర్ ప్రింటర్: కొన్నేళ్ల వాడకం తరువాత

విజయనగరంలో మూడు లాంతర్లకు దగ్గరలో ఉన్న మా డీటీపీ దుకాణంలో కొన్నేళ్లుగా పనిచేస్తున్న ఈ కలర్ లేజర్ ప్రింటర్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, ముందు తలుపు లోపలి వైపున బిగించి ఉన్న ఒక సన్నని ప్లాస్టిక్ పుల్ల. కొసన మెత్తని గుడ్డ అతికించిన ఆ పుల్లతో లేజర్ కిరణం బయటికి వచ్చే అద్దాలను, యంత్రం విప్పకుండానే, మనమే తుడుచుకోవచ్చు.

దాని విలువ నాకు తెలిసింది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందర. విజయదశమి వెళ్లిన మంగళవారం జరిగే ఆ ఉత్సవానికి చిన్న పోస్టర్లు వేస్తుండగా, అమ్మవారి నుదుటి కుంకుమ నారింజ రంగుకు తిరిగింది. మెజెంటా (ముదురు గులాబీ రంగు), పసుపు కలిస్తేనే ఎరుపు వస్తుంది కనుక మెజెంటా తగ్గిందని అర్థమైంది. అయితే ఆ రంగు టోనర్, అంటే ప్రింటర్‌లో వాడే రంగు పొడి, సగానికి పైగా ఉన్నట్టు యంత్రం చూపుతోంది, టోనర్ పొదుపు ఆపే ఉంది, కార్ట్రిడ్జ్ తీసి అటూ ఇటూ ఊపి పెట్టినా తేడా రాలేదు. చూడవచ్చిన మెకానిక్ డ్రమ్ (లేజర్ కిరణం గీసిన బొమ్మకు టోనర్ అంటుకునే గొట్టం) మార్చాలన్నాడు. ఆ ఖర్చుకు నాకు మనసొప్పలేదు, ఎందుకంటే కాగితం ఎడమ అంచున వెలవెలబోయిన రంగు కుడివైపుకు వచ్చేసరికి చక్కగానే ఉంది.

అందుకని ఒక పేజీ నిండా మెజెంటా ఒక్కటే ప్రింటుకు ఇచ్చి, సగంలో తలుపు తెరిచి, డ్రమ్ మీది రంగును కాగితానికి చేర్చే ట్రాన్స్‌ఫర్ బెల్ట్‌ను చూశాను. బెల్ట్ మీద చిక్కగా ఉండి కాగితం మీద పలచబడితే లోపం రంగు కాగితానికి ఎక్కే దగ్గర ఉన్నట్టు. ఇక్కడ బెల్ట్ మీదే ఎడమవైపు పలచగా ఉంది కాబట్టి, లోపం అంతకు ముందే, అంటే టోనర్, డ్రమ్, లేజర్‌లలో ఎక్కడో ఉండాలి. పుల్ల తీసి మెజెంటా గాడిలో చివరికంటా తోసి, మెల్లగా వెనక్కి లాగితే గుడ్డకు గులాబీ రంగు పొడి, దానితోపాటు రోడ్డు దుమ్ము అంటుకుని వచ్చాయి. రెండోసారి తుడిచి, రంగుల కాలిబ్రేషన్ (యంత్రం తన రంగుల పాళ్లను తానే సరిచూసుకోవడం) చేయించాక వచ్చిన పోస్టరులో కుంకుమ కుంకుమలాగే ఉంది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అయితే ఈ పుల్ల అన్నిటికీ మందు కాదని వానాకాలాల్లో తెలిసింది. ముసురు పట్టినప్పుడు విప్పి ఉంచిన కాగితం చెమ్మ పీల్చుకుంటుంది, దానితో విద్యుదావేశం కాగితం మీద సరిగా నిలవక, టోనర్ బెల్ట్‌ను పూర్తిగా వదలదు. అప్పుడు నాలుగు రంగులూ మచ్చలు మచ్చలుగా వెలిసినట్టు వస్తాయి. దానికి మందు కొత్త కట్ట విప్పడమే, అందుకే మిగిలిన కాగితాన్ని ఇప్పుడు మూత బిగుతుగా ఉండే డబ్బాలో దాస్తున్నాం. శుభలేఖల మందపు అట్టకు సెట్టింగులో కాగితం రకం మార్చకపోతే రంగు సరిగా అతుక్కోక, వేలితో రుద్దితే రాలుతుంది. పసుపు పలచబడితే తెల్ల కాగితం మీద కంటికి తెలియదు, ఆకుపచ్చ నీలానికి తిరిగినప్పుడే పట్టుకోగలం. పుల్ల కొసన గుడ్డ అరిగింది, విడిగా నాకు ఇంకా దొరకలేదు.

రోడ్డు పక్కన దుమ్ములో, పండుగలకూ పెళ్లిళ్లకూ రంగు పని చేసే మాలాంటి దుకాణానికైతే, ఈ సదుపాయం కోసమే మళ్లీ ఇలాంటి యంత్రాన్ని కొంటాను. తలుపులు మూసి ఉండే గదిలో, ఎక్కువగా నల్ల అక్షరాలే వేసుకునేవారికి దీనికోసం అదనంగా పెట్టే డబ్బు గిట్టుబాటు కాకపోవచ్చు.