బరంపురంలో అద్దె ఇంటికి డీప్ క్లీనింగ్: జిడ్డుకి పిలవండి, బొద్దింకలకి వద్దు

డబ్బులిచ్చి మరీ ఇల్లు కడిగించుకోవడం మా ఇంటావంటా లేదు. ఈసారి మాత్రం ఇచ్చాను. దానికి కారణం నా పని. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, చీరలకి ఫాల్స్ వేస్తాను, పీకో చేస్తాను. మా బరంపురంలో పెళ్లిళ్ల రోజులొచ్చాయంటే తెలుగువాళ్లవీ ఒడియావాళ్లవీ కలిపి సగం వీధి పట్టుచీరలు నా బీరువాలోనే ఉంటాయి. ఎవరి పెళ్లిచీర కుంభం అంచు మీదో బొద్దింక ఒక మచ్చ పెట్టిందంటే ఆ ఇంటి నుంచి మళ్లీ ఒక్క జాకెట్టు కూడా రాదు. గంజి పెట్టిన బట్టనీ లైనింగునీ కొరికే వెండి రంగు పురుగుల సంగతి సరేసరి.

మేం మారిన ఇల్లు కోర్టుపేట వైపు ఒక సందులో పాత డాబా. ఎత్తు కప్పు, మొజాయిక్ గచ్చు, గాలీ వెలుతురూ బాగుంటాయి. అద్దె 9,000. అంతకుముందు చదువుకునే కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి వండుకుతిన్నారట. వంటింట్లోకి వెళ్తే ఆ విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. స్టవ్ వెనక టైల్స్ అసలు రంగేమిటో తెలియలేదు. గోడకి వేలు ఆనిస్తే అంటుకుంటోంది. బాత్రూములో కుళాయిల చుట్టూ బోరు నీళ్ల సున్నం పెచ్చులు కట్టింది. డాబా మీద ట్యాంకు మూత సగం విరిగింది, లోపల దోమపిల్లలు గిలగిల్లాడుతున్నాయి. స్లాబు కింద అల్మారా తలుపు తెరిచి, వెంటనే మూసేశాను.

ఇంటి ఓనరావిడని అందరూ మావుసీ (పిన్ని) అనే పిలుస్తారు. ఒడియా ఆవిడే గానీ తెలుగు మనకంటే గట్టిగా మాట్లాడుతుంది. "ఏటమ్మా అంత కంగారు, ఓ పూట రుద్దితే పోద్ది" అంది. పోదని ఆవిడకీ తెలుసు. 2021లో కేంద్రం అద్దె ఇళ్లకి ఒక మోడల్ టెనెన్సీ చట్టం తెచ్చింది. రాష్ట్రాలు తీసుకుంటేనే అమలయ్యే చట్టమది. అందులో ఏ రిపేరు ఎవరిదో ఒక పట్టికే ఉంది. గోడలకి సున్నం, తలుపులు కిటికీలకి రంగు, పైపులు మార్చడం, కరెంటు వైరింగు ఇంటివాళ్లవి. కుళాయి వాషర్లు, కాలువ శుభ్రం, వాష్ బేసిన్ లాంటివి అద్దెకున్నవాళ్లవి. జిడ్డు ఎవరిదో ఆ పట్టికలో లేదు. మావుసీ దగ్గర నేను చట్టం మాటెత్తలేదు గానీ బేరానికి ఆ లెక్కే పనికొచ్చింది. సున్నం, ట్యాంకు మూత ఆవిడవి. క్లీనింగు ఖర్చులో సగం మొదటి నెల అద్దెలో తగ్గించుకోమంది. తాళాలు చేతికి రాకముందే ఈ మాట అయిపోవాలి. సామాను దిగాక ఏ ఇంటివాళ్లూ ఆ మాట చెవిన పెట్టరు.

ఇక సర్వీసు సంగతి. అస్కా రోడ్డు వైపు ఒక గది అద్దెకు తీసుకుని ఇద్దరన్నదమ్ములు నడుపుతున్నారు, వాళ్ల కింద పనికి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఉన్నారు. ఫొటోలు పంపమన్నారు, చూసి రేటు చెప్పారు. రెండు గదులూ హాలూ ఉన్న ఖాళీ ఇల్లయితే 4,500, ట్యాంకుకి 600, బొద్దింకల మందు కొట్టడానికి 900. మొత్తం 6,000. సామాను ఉన్న ఇల్లయితే ఇంకో వెయ్యి ఎక్కువట. ఈ రేటు విని మా ఆయన "ఆ డబ్బుతో నేనే కడుగుతా" అన్నాడు. ఆయన కడగడం పెళ్లయినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను కాబట్టి బుక్ చేసేశాను.

రోజు దొరకడమే కష్టమైంది. జూన్ మధ్యలో ఒడియావాళ్ల రజ పండగ. ఆ మూడు రోజులూ ఒడిశాలో పనికి మనిషి దొరకడం కల్ల. ఇటు చూస్తే ఆషాఢం తరుముకొస్తోంది. ఆషాఢంలో పాలు పొంగించనని మా అత్తగారి పట్టు. రజ అయిపోయి రథయాత్ర రాకముందు ఉన్న ఆ కాస్త సందులో సున్నం, కడుగుడు, పాలు పొంగింపు అన్నీ ఇరికించాం. సున్నం ముందు, కడగడం తర్వాత. తిరగేస్తే గచ్చంతా మళ్లీ చుక్కలే.

వంటింటి పని మాత్రం చూసి తీరాలి. అన్నదమ్ముల్లో పెద్దాయన పొయ్యి మీద బక్కెట్టుడు నీళ్లు కాచించి అందులో చాకలి సోడా గుప్పెళ్లతో పోశాడు. ఖరీదైన లిక్విడ్ ఏదో తెస్తారనుకున్నాను, అది చూసి కాస్త నిరాశపడ్డ మాట నిజం. ఆ నీళ్లలో పాతగుడ్డలు ముంచి, పిండకుండానే స్టవ్ వెనక గోడకి అంటించేశాడు. కింద కారకుండా బకెట్ పెట్టి, "అక్కా, ఇప్పుడు టీ తాగొచ్చు" అన్నాడు. ముదిరిన నూనెని వేడి సోడా సబ్బులాగా మార్చేస్తుంది, రుద్దే పని సోడాకి అప్పగించి మనం ఆగాలి, అంతే. టీలయ్యాక గుడ్డలు తీసి పుట్టీ పెట్టే రేకుతో గీస్తే బెల్లంపాకంలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. దాని కింద చిన్న చిన్న నీలం పువ్వుల టైల్స్! ఆ గోలకి మావుసీ కూడా వచ్చి చూసి, "మేం వేయించిందే" అంది, అదేదో తన గొప్పయినట్టు. ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలు విప్పి అదే నీళ్లలో నానేశారు. అల్యూమినియం జాలీని మాత్రం సోడాలో వెయ్యలేదు, నల్లబడుతుందని మామూలు సబ్బుతోనే కడిగారు. ఆ ఒక్క జాగ్రత్తకే పెద్దాయన మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకం హాల్లో కాస్త బీటలు వారింది. పెద్దాయన వంటింట్లో ఉండగా చిన్నకుర్రాడొకడు యాసిడ్ సీసా తెచ్చి మొజాయిక్ గచ్చు మీద ఒలకబోయబోయాడు. నేను గట్టిగా అరిచాను. అప్పటికే గుమ్మం దగ్గర నాలుగు చుక్కలు పడ్డాయి. పడ్డచోట సన్నగా నురగ లేచింది, బుసబుసమని. తుడిచేసరికి అక్కడ నిగనిగ పోయి చేతికి గరుగ్గా తగిలింది. మొజాయిక్‌లో ఉండేవి పాలరాతి ముక్కలు, వాటిని పట్టి ఉంచేది సిమెంటు. యాసిడ్ రెండిటినీ తినేస్తుంది. తినేశాక మెషిన్‌తో మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే, ఆ డబ్బులు మన అడ్వాన్సులోంచే పోతాయి. పెద్దాయన పరుగున వచ్చి వాణ్ని కోప్పడి, మామూలు సబ్బు నీళ్లు పోసి బ్రష్షు మెషిన్‌తో కడిగించాడు. గచ్చు బాగానే తేలింది. గుమ్మం దగ్గర చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. సర్లే, అక్కడ పట్టా వేసుకున్నాను.

బాత్రూములోనూ ఇలాంటిదే ఒకటి జరగబోయింది, ఇది ఇంకా ప్రమాదం. ఒకడు బ్లీచింగ్ పౌడరు కలిపిన బకెట్ లోపల పెట్టాడు, ఇంకొకడు అదే బాత్రూములోకి యాసిడ్ తీసుకెళ్తున్నాడు. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. చిన్న బాత్రూములో తలుపేసుకుని పనిచేసే మనిషికి ఊపిరాడదు. షాపులో దొరికే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉన్నదీ హైడ్రోక్లోరిక్ యాసిడే, కాబట్టి సీసా మీద యాసిడ్ అని పెద్దక్షరాలతో లేదని నమ్మకండి. ఆ రోజు బ్లీచింగ్ బకెట్ పెరట్లోకి పంపించాను. పని అప్పగించి బజారుకెళ్లకూడదని అక్కడే తేలిపోయింది. పెద్దాయన ఉన్న గదిలో పని నాణ్యత వేరు, లేని గదిలో వేరు. నేను ఒక స్టార్ తగ్గించింది ఇందుకే.

కుళాయిల మీద పెచ్చులకి నేనే నిమ్మ ఉప్పు వాడమన్నాను. నీళ్లలో కలిపి, గుడ్డ ముంచి కుళాయికి చుట్టి అరగంట వదిలేస్తే సున్నం దానంతటదే కరిగి మెత్తబడుతుంది. యాసిడ్ అయితే సున్నంతో పాటు కుళాయి మెరుపూ పోతుంది. ఇది వాళ్లకి తెలియక కాదు, టైమ్ పడుతుందని వాడరు.

ట్యాంకు పని బాగా చేశారు. నీళ్లు వదిలేసి, లోపల అడుగున పేరుకున్న బురద మెషిన్‌తో పీల్చి, గోడలు రుద్ది, బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఆ నీళ్లు బయటికి వదిలారు. ఆ తర్వాత నింపిన నీళ్లకి వెయ్యి లీటర్లకి సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు, కలిపాక ఒక గంట ఆగాలి, ఇదీ లెక్క. కుర్రాడు చేత్తో గుప్పెడు తీశాడు. నేను బ్లౌజు హుక్కులు కొలిచే చిన్న చెంచా ఇచ్చాను. మావుసీ కొత్త మూత కొంది. డెంగీ దోమ ఎక్కువగా మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, మూత లేని ట్యాంకుంటే దానికి మనం అద్దె లేకుండా ఇల్లు ఇచ్చినట్టే. మీరు ఇల్లు చూడ్డానికి వెళ్తే డాబా కూడా ఎక్కి చూడండి. మెట్లు విరిగి ఉన్నాయని మానకండి, పక్కింటి మేడ మీద నుంచైనా తొంగిచూడొచ్చు.

ఇప్పుడు బొద్దింకలు. ఆ 900 దండగ.

వాళ్లు కొట్టింది వాసన ఘాటుగా ఉండే స్ప్రే. కొట్టిన సాయంత్రం బొద్దింకలు వెల్లకిలా పడుతుంటే మా ఆయన పండగ చేసుకున్నాడు. వారం తిరక్కుండానే చిన్న చిన్నవి, గోధుమరంగువి, మెడ దగ్గర రెండు నల్ల చారలున్నవి, స్లాబు కింద నుంచి కాక ఈసారి స్విచ్ బోర్డుల్లోంచి రావడం మొదలెట్టాయి. ఈ రకం బొద్దింక గుడ్లని ఒక సంచిలో పెట్టుకుని, పిల్లలయ్యే వేళ దాకా వెంటే మోస్తుంది. ఒక్కో సంచిలో ముప్పై నలభై దాకా ఉంటాయి. స్ప్రే పెద్దవాటిని చంపుతుందే గానీ ఆ సంచిలోకి దిగదు. పైగా ఆ వాసనకి మిగిలినవి అక్కణ్నుంచి జరిగి గోడల్లోకీ వైరింగు గొట్టాల్లోకీ వెళ్లిపోతాయి. ఫోన్ చేస్తే "మళ్లీ కొడతాం, సగం ధరకే" అన్నారు. అక్కర్లేదన్నాను.

పురుగుమందుల షాపులో జెల్ సిరంజి తెచ్చుకున్నాను. ఫిప్రోనిల్ గానీ ఇమిడాక్లోప్రిడ్ గానీ ఉండేది అడగండి. స్ప్రే కొట్టిన చోట జెల్ పెడితే బొద్దింక ముట్టదు, అందుకే ముందు అల్మారాలు సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెట్టాను. ఆ తర్వాత తలుపుల కీళ్ల లోపల, గ్యాస్ గొట్టం గోడలోకి వెళ్లే కన్నం దగ్గర, ఫ్రిజ్ వెనక మోటారు పక్కన, కందిపప్పు గింజంత చుక్క చొప్పున పెట్టుకుంటూ వచ్చాను. తిన్న బొద్దింక అక్కడే చావదు, గూటికెళ్లి చస్తుంది. దాని రెట్టనీ దాని శవాన్నీ తిన్నవి కూడా చస్తాయి. వినడానికి అసహ్యంగా ఉన్నా ఇల్లు ఖాళీ అయింది దానివల్లే. వెంటనే కాదు. మొదట్లో ఇంకా ఎక్కువ కనబడ్డాయి కూడా. కొత్త పిల్లలు బయటికొచ్చే వేళకి చుక్కలు ఎండిపోతే మళ్లీ పెట్టాలి. పిల్లలున్న ఇళ్లలో వాళ్ల చెయ్యి అందని చోటే పెట్టాలి. రాత్రిపూట సింకులో ఎంగిలి గిన్నె ఉంచితే జెల్ ఎవడికి కావాలి, అదొక్కటి మా ఆయనకి అర్థమయ్యేలా చెప్పడమే అన్నిటికంటే పెద్ద పని.

చీరల బీరువా మాత్రం ఇంకా వంటింటికి దూరంగా, గోడకి జానెడు ఎడంగా పెట్టాను. సముద్రం గాలి తగిలే ఊరు కదా, వానాకాలంలో గోడలు చెమ్మ పడతాయి, ఆనించి పెడితే వెనకంతా బూజే. ప్రతి చీరా మల్లుగుడ్డలో చుట్టి, నాఫ్తలిన్ గోళీలు జరీకి తగలకుండా మూలల్లో ఉంచాను.

మొత్తానికి అయిదుకి మూడున్నర ఇస్తాను. జిడ్డు పట్టిన వంటిల్లు, ట్యాంకు, బాత్రూము ఉంటే నిస్సందేహంగా పిలవండి, ఆ పని మనం చేతులరిగేలా చేసినా అంత తేలదు. ఫోన్‌లోనే మూడు మాటలు చెప్పండి: పెద్దాయన దగ్గరుండాలి, మొజాయిక్ మీద యాసిడ్ వద్దు, బొద్దింకల ప్యాకేజీ తీసేయండి. కరెంటు, నీళ్లు, నిచ్చెన మనమే ఇవ్వాలి, ఆ మాట వాళ్లు ముందు చెప్పరు. సగం డబ్బు ముందడుగుతారు. మిగతాది టార్చి వేసి స్లాబు కిందా ఫ్యాను వెనకా చూసుకున్నాకే ఇవ్వండి, ఆ విషయంలో వాళ్లు గొడవ పెట్టలేదు. జూన్‌లో ఇల్లు మారేవాళ్లయితే రజకి ముందే ఫోన్ చేసి రోజు రాయించుకోండి.