పెద్ద పరీక్షలా, స్లిప్ టెస్టులా?

1/2 + 1/3 ఎంతంటే 2/5 అని రాసే పిల్లలు ఆరో తరగతిలో కొందరైనా ఉంటారు. పైవి పైకి, కిందవి కిందకి కూడేస్తారు. పాఠం మధ్యలో పెట్టే చిన్న పరీక్షలో, అంటే స్లిప్ టెస్టులో, ఇది దొరికితే మర్నాడే కాగితాన్ని ఆరు సమాన భాగాలుగా మడిచి, సగమంటే మూడు, మూడో వంతంటే రెండు, మొత్తం 5/6 అని చూపించొచ్చు. అదే వార్షిక పరీక్షలో దొరికితే పేపరు బీరువాలోకి, తప్పు ఏడో తరగతిలోకి పోతాయి.

గోదారి మధ్యలో ఉండే లంక గ్రామాల సంగతీ ఉంది. జులై, ఆగస్టుల్లో గోదారి పొంగితే పడవ కదలదు, పిల్లలు బడికి రాలేరు. అలా తప్పిపోయిన స్లిప్ టెస్టు వారం తర్వాతైనా పెట్టుకోవచ్చు. ఉమ్మడి ప్రశ్నపత్రంతో జరిగే అర్ధ సంవత్సర పరీక్షకి ఆ వెసులుబాటు లేదు.

అలాగని ఫార్మేటివ్ మార్కుల్ని, అంటే స్లిప్ టెస్టులకీ ప్రాజెక్టులకీ బడిలోనే వేసే మార్కుల్ని, కళ్లు మూసుకుని నమ్మలేం. నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన ప్రాజెక్టుకీ నిండుగా మార్కులు పడతాయి. పదో తరగతిలో ఇలా బడిలోనే వేసే 20 అంతర్గత మార్కుల్ని ఆంధ్రప్రదేశ్ 2019లో ఎత్తేసింది. పైగా గంటలకొద్దీ కూర్చుని రాసే అలవాటు స్లిప్ టెస్టుతో రాదు.

అయిదో తరగతి దాకా స్లిప్ టెస్టులు చాలు. ఆరు నుంచి పెద్ద పరీక్షలూ ఉండాలి, కానీ దిద్దిన పేపరు పది రోజుల్లో పిల్లాడి చేతికి రావాలి.