160 నిమిషాల జెస్సీ జేమ్స్: సాగదీతా, నిదానమా?

'ద అసాసినేషన్ ఆఫ్ జెస్సీ జేమ్స్ బై ద కవర్డ్ రాబర్ట్ ఫోర్డ్' (పిరికివాడు రాబర్ట్ ఫోర్డ్ చేతిలో జెస్సీ జేమ్స్ హత్య) 2007లో వచ్చింది. అమెరికాలో పేరుమోసిన దోపిడీ ముఠా నాయకుడు జెస్సీని అతని ముఠాలోని రాబర్ట్ (బాబ్) ఫోర్డ్ చంపిన కథ ఇది. హన్మకొండ, కాజీపేట వైపు ఇంగ్లిష్ సినిమాలు వెతుక్కొని చూసేవాళ్ల మధ్య దీని పేరెత్తితే మనుషులు రెండు జట్లవుతారు. ఒక జట్టుది ఒకటే మాట: "మస్తు సాగదీసిండు." రెండో జట్టు నెత్తిన పెట్టుకుంటుంది గానీ, ఎందుకో చెప్పమంటే "ఫొటోగ్రఫీ" అని ఊరుకుంటుంది. ఇద్దరిదీ సగం నిజమే. సాగిన చోట్లు ఈ సినిమాలో ఉన్నాయి, కానీ అవి మొదటి జట్టు తిట్టే చోట్లు కావు. ఫొటోగ్రఫీ గొప్పదే, కానీ సినిమాను మోసేది అది కాదు.

అసలు పేచీ ఆశపడే దగ్గరే మొదలవుతుంది. 1971లో కృష్ణ కౌబాయ్ టోపీ పెట్టినప్పటి నుంచీ మనకు ఈ రకం సినిమా అంటే గుర్రాలు, నిధి, నడివీధిలో ఎవడు ముందు తుపాకీ తీస్తాడన్న పందెం. ఇక్కడ రైలు దోపిడీ ఒక్కటే ఉంది, అదీ మొదట్లోనే అయిపోతుంది. 1881 సెప్టెంబర్ 7న మిస్సోరీ రాష్ట్రంలో బ్లూ కట్ అనేచోట నిజంగా జరిగిన దోపిడీ అది. జెస్సీ చచ్చిపోయింది 1882 ఏప్రిల్ 3న, సెయింట్ జోసెఫ్ పట్టణంలో, థామస్ హోవర్డ్ అన్న దొంగపేరుతో అద్దెకున్న ఇంట్లో. ఈ రెండు తేదీల నడుమనున్న ఏడు నెలలే సినిమాలో పెద్ద భాగం. ముఠా చెదిరింది, అన్న ఫ్రాంక్ తన దారి తాను చూసుకున్నాడు, గవర్నర్ బహుమానం ప్రకటించాడు. పాతవాళ్లలో తనను పట్టించేది ఎవడో తేల్చుకోవడానికి జెస్సీ ఒక్కొక్కరి ఇంటికీ పోయి కూర్చుంటాడు. దోపిడీలు చూద్దామని కూర్చున్నవాళ్లకు రెండు గంటలు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇది అనుమానం మీద నడిచే సినిమా.

చంపేదెవరో, చచ్చేదెవరో పేరులోనే చెప్పేశారు గనక 'ఏమవుతుంది' అన్న ప్రశ్నకు చోటు లేదు. ప్రతి భోజనం దగ్గరా, ప్రతి నవ్వు దగ్గరా వేరే ప్రశ్న పుడుతుంది: ఈయనకు తెలిసిపోయిందా? పాత ముఠా మనిషి ఎడ్ మిల్లర్ ఇంటికి జెస్సీ వెళ్లే సన్నివేశమే తీసుకోండి. బెదిరింపు లేదు, గట్టిగా ఒక్క మాట లేదు. కూర్చొని ఊరి సంగతులు అడుగుతాడు. ఎడ్ తడబడతాడు. అలా బయటికి పోయొద్దాం రమ్మంటాడు జెస్సీ. ఈ సీన్లో రెండు నిమిషాలు కోస్తే పోయేది ఆ తడబాటే, అది పోతే ఎడ్ చావుకు కారణమే కనిపించదు. దర్శకుడు ఆండ్రూ డొమినిక్‌కు ఇది రెండో సినిమా. నిదానాన్ని ఆయన అలంకారంగా వాడలేదు, ఎదుటివాడి మొహం చదవడానికి జెస్సీకి పట్టే సమయాన్నే మనకూ ఇచ్చాడు.

జెస్సీగా వేసిన బ్రాడ్ పిట్‌కు వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. అయినా సినిమా కేసీ అఫ్లెక్‌ది. ఆయన వేసిన బాబ్ ఫోర్డ్‌కు జెస్సీని చంపేనాటికి నిండా ఇరవయ్యేళ్లు. జెస్సీ సాహసాల చవక పుస్తకాలు పెట్టెలో దాచుకున్న కుర్రాడు. తనకూ ఆయనకూ ఉన్న పోలికలన్నీ, ఎత్తుతో సహా, భోజనాల బల్ల దగ్గర వరసగా అప్పజెబుతాడు, అందరూ నవ్వుతారు. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి, తుపాకీకి మందు కూరింది అక్కడే. కటౌట్లు, పాలాభిషేకాలు తెలిసిన మన ప్రేక్షకులకు ఈ అభిమానం పాఠం చెప్పనక్కర్లేకుండానే అర్థం కావాలి. జెస్సీ స్నానం చేస్తూ బాబ్‌ను అడిగే ప్రశ్న కూడా అదే: నాలా ఉండాలనుందా, నేనే అయిపోవాలనుందా?

మనవాళ్లు తికమకపడేది పేర్ల దగ్గర. అందరివీ గడ్డాలు, అందరివీ నల్ల కోట్లు. ఐదుగురిని పట్టుకుంటే చాలు. బాబ్, చార్లీ అన్నదమ్ములు. చార్లీ పెద్దవాడు, ఊరికే పళ్లికిలించేది అతనే. డిక్ లిడిల్ ఆడవాళ్ల వెంట పడేవాడు. ఎడ్ మిల్లర్ బిక్కమొహం మనిషి. వుడ్ హైట్ జెస్సీకి మేనత్త కొడుకు. ఇంగ్లిష్‌లో కజిన్ అని వదిలేస్తారు గానీ మన వరసలో బావ. బాబ్ చేతిలో వుడ్ చచ్చినప్పటి నుంచి అన్నదమ్ములిద్దరూ ఎందుకంత వణుకుతారో ఈ వరస తెలిస్తేనే తలకెక్కుతుంది: ఇంటి మనిషిని చంపి, ఆ సంగతి దాచి, అదే ఇంట్లో అన్నం తింటున్నారు. జిమ్ కమిన్స్ పేరు కూడా మాటిమాటికీ వస్తుంది. జెస్సీ వెతికే మనుషుల్లో అతనొకడు, అంతే.

ఇక నిజంగా సాగిందెక్కడంటే, కెంటకీలో హైట్ కుటుంబం కథ. వుడ్ ముసలి తండ్రి చిన్న పెళ్లాంతో డిక్ సరసం, దాని మీద వుడ్ పగ. ఆ పగ తేలే కాల్పులు అద్భుతంగా తీశారు, మంచం పక్కన అంత దగ్గర నుంచి కాల్చుకున్నా గురి తప్పుతూనే ఉంటుంది. కానీ అక్కడిదాకా నడిచిన దారి బరువు ఎక్కువ. రెండో లోపం వ్యాఖ్యానం. హ్యూ రాస్ గొంతు బాగుంది. రాన్ హాన్సెన్ 1983 నవల నుంచి తెచ్చుకున్న వాక్యాలూ బాగున్నాయి. అయితే తెర మీద కనిపిస్తున్నదాన్నే మళ్లీ చెప్పే చోట్లు అరడజనైనా తీసేయొచ్చు. జెస్సీ భార్యగా మేరీ లూయీ పార్కర్‌కు చివర్లో ఏడ్చే సీను తప్ప ఏమీ మిగల్చకపోవడం మూడోది. గవర్నర్‌గా కనిపించే జేమ్స్ కార్విల్ నటుడు కాడు, 1992లో క్లింటన్ ఎన్నికల ప్రచారం నడిపిన వ్యూహకర్త. ఉన్నది కాసేపే అయినా రాజకీయ నాయకుడి చూపు ఎలా ఉంటుందో నటులకన్నా ఆయనకే తెలిసినట్టుంది.

హత్య సీను మీద వాదన తెగేది కాదు. డిక్ లొంగిపోయిన వార్త పేపర్లో చదివాక జెస్సీ తుపాకుల పట్టీ విప్పి పక్కన పెడతాడు, గోడ మీది పటానికి దుమ్ము పట్టిందని కుర్చీ ఎక్కుతాడు. ఇంతవరకు చరిత్రలో ఉన్నదే. వెనక తుపాకీ ఎత్తిన బాబ్ నీడ పటం అద్దంలో జెస్సీకి కనిపించడం సినిమా చేర్చిన ముక్క. "తెల్సి తెల్సి ఎందుకు తిరగబడలే" అనేవాళ్లు అంతకుముందు గడ్డకట్టిన చెరువు మీద చార్లీతో చావు గురించి జెస్సీ మాట్లాడిన సీన్లో ఫోన్ చూసుకున్నారని అనుకోవాలి. బాబ్‌కు కొత్త తుపాకీ కానుకగా ఇచ్చింది కూడా జెస్సీయే. ఆయన విసిగిపోయి మెడ అప్పగించాడన్న వైపే సినిమా మొగ్గుతుంది, నోరు విప్పి చెప్పదు.

హత్య అవగానే లేచిపోయేవాళ్లు ఎక్కువ. చాలామంది అలా అసలు సినిమా వదులుకుంటున్నారు. ఫోర్డ్ సోదరులకు ఉరిశిక్ష, గవర్నర్ క్షమాభిక్ష ఒకే రోజున వచ్చాయి. తర్వాత ఇద్దరూ ఆ హత్యనే నాటకంగా ఆడతారు. బాబ్ బాబ్‌గా, చార్లీ జెస్సీగా. బాబ్ తన లెక్క ప్రకారం జెస్సీని ఎనిమిది వందల సార్లకు పైగా చంపాడని వ్యాఖ్యానం చెబుతుంది. చార్లీ 1884లో ప్రాణం తీసుకున్నాడు. 1892 జూన్ 8న కొలరాడోలోని క్రీడ్‌లో ఎడ్వర్డ్ ఓ'కెల్లీ అనేవాడు బాబ్‌ను కాల్చాడు. ఈ పదేళ్లనూ సినిమా అరగంటకు అటూ ఇటూగా చుట్టేస్తుంది. నిదానం అన్నవాళ్లు ఈ భాగం వేగం గమనించాలి.

అక్కడే ఒక సారా కొట్టు సీనుంది. ఒకడు జెస్సీ మీద పాట పాడుతుంటాడు. ఆ పాడేది నిక్ కేవ్, వారెన్ ఎల్లిస్‌తో కలిసి సినిమాకు సంగీతం కట్టింది ఆయనే. పాటలో జెస్సీకి ముగ్గురు పిల్లలంటాడు. బాబ్ లేచి, ఇద్దరేనని సరిదిద్దుతాడు. ఎవరికీ పట్టదు. సర్వాయి పాపన్న కథ విన్న ఓరుగల్లువాళ్లకు ఈ సీను ఇట్టే ఎక్కాలి. 1708లో వరంగల్ కోట మీద పడి దోచిన పాపన్న 1710లో పట్టుబడి చచ్చాడు, పాటలో మాత్రం మూడు వందల ఏళ్లుగా గెలుస్తూనే ఉన్నాడు. పాట వీరుడి పక్షం. పిల్లల లెక్క దానికి అక్కర్లేదు. ఈ సినిమా మాత్రం, పాటలో తిట్టు తప్ప ఏమీ దక్కని బాబ్ పక్కన కూర్చుంది. అలాగని జెస్సీని పెద్దలను కొట్టి పేదలకు పంచినవాడిగానూ చూపదు. ఆ పేరు చాలావరకు జాన్ న్యూమన్ ఎడ్వర్డ్స్ అనే పత్రికాయన రాతల పుణ్యం. తెర మీద జెస్సీ, జిమ్ కమిన్స్ ఆచూకీ చెప్పలేని పిల్లాణ్ని చెవి మెలేసి కొడతాడు. ఆ సీను, తలకు తూటా తగిలే సీను, ఆత్మహత్య సీను ఉన్నాయి గనక పిల్లలతో కలిసి చూసే సినిమా కాదు.

ఫొటోగ్రఫీ రోజర్ డీకిన్స్‌ది. ఆ ఏడాది ఆస్కార్‌కు ఆయన రెండు సినిమాలు పోటీపడ్డాయి, బహుమతి మాత్రం మూడో సినిమాకు పోయింది. కొన్ని షాట్లలో నడుమ స్పష్టంగా ఉండి అంచులు మసకబారి, రంగులు చెదిరినట్టు కనిపిస్తాయి. ఫైల్ పాడైందనుకొని ఆపేసేవాళ్లున్నారు. పాడవలేదు. పాత వైడ్ యాంగిల్ లెన్సుల గాజును వాడి చేయించిన ప్రత్యేక లెన్సులవి, పాత కాలపు ఫొటోల చూపు కోసం. వ్యాఖ్యానం నడిచే చోట్ల ఎక్కువగా వస్తాయి.

బ్లూ కట్ రాత్రి సీను మీ టీవీకి పరీక్ష. ఇంజిన్ దీపం చెట్ల మధ్య నుంచి పాకుతూ వస్తుంది, మొహానికి ముసుగులేసుకున్న మనుషులు వెలుగులోకి వచ్చి మళ్లీ చీకట్లో కలుస్తారు. కాజీపేట రైల్వేవాళ్లైతే ఆ ఇంజిన్ ఆగే తీరు కోసమే రెండుసార్లు చూస్తారు. ఇక్కడ నలుపంతా గళ్లు గళ్లుగా కనిపిస్తే తప్పు కాపీది. టెలిగ్రామ్‌లో తిరిగే ఒకటిన్నర జీబీ ఫైల్‌ను 160 నిమిషాలకు పంచితే సెకనుకు వచ్చేది 1.25 మెగాబిట్లు, అందులోనే శబ్దం కూడా. బ్లూరేలో బొమ్మకే 20కి పైన ఉండడం మామూలు. వివరం పోయేది ముందుగా చీకట్లోనే. గళ్లు లేకుండా ఉత్త నలుపు ముద్దగా ఉంటే టీవీకి కలిపిన ల్యాప్‌టాప్‌ను అనుమానించాలి. నలుపు ఎక్కడ మొదలై తెలుపు ఎక్కడ ముగుస్తుందో చెప్పే 'రేంజ్' సెట్టింగ్‌ను అది 'ఫుల్'లో పంపుతూ టీవీ 'లిమిటెడ్' అనుకుంటే నీడలన్నీ నలుపులో కలిసిపోతాయి. రెండు వైపులా ఒకటే పెట్టండి. తర్వాత పిక్చర్ మోడ్‌ను సినిమా లేదా ఫిల్మ్‌మేకర్‌కు మార్చి, గది వెలుతురును బట్టి తెర వెలుగు మార్చే ఎకో సెన్సర్ తీసేసి, గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పండి. బ్రైట్‌నెస్ పెంచొద్దు, నలుపు బూడిదవుతుంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అనేది ఆపేయడం మరిచిపోవద్దు. లేని ఫ్రేములు పుట్టించి నిదానంగా కదిలే కెమెరాను సీరియల్‌లా చేసేస్తుంది.

బొమ్మ వెడల్పు ఎక్కువ గనక 43 అంగుళాల టీవీలో కిందా మీదా చెరో ఏడు సెంటీమీటర్ల నల్లపట్టీ ఉంటుంది. జూమ్ చేసి నింపితే పక్కల మనుషులు పోతారు, ఈ సినిమాలో వినేవాడు ఎప్పుడూ పక్కనే ఉంటాడు. మాటలు 1880ల మిస్సోరీ యాస, పైగా గొణుగుడు, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లయినా సబ్‌టైటిల్స్ పెట్టుకోవాల్సిందే. టీవీ స్పీకర్లతోనే వింటుంటే శబ్దాన్ని 5.1 (ఆరు స్పీకర్ల పద్ధతి) నుంచి స్టీరియోకు మార్చండి, లేదంటే సంగీతం కింద మాటలు మునుగుతాయి. ఒక్క బిగిన కూర్చోలేకపోతే వుడ్ హైట్ శవాన్ని పారేసిన దగ్గర ఆపి, మిగతాది మర్నాడు చూడొచ్చు. ఇంకెక్కడ ఆపినా పట్టు సడలుతుంది.

మొదటి కూర్పు మూడు గంటలు దాటిందన్నది నిజమే గానీ, థియేటర్లకు వచ్చింది 160 నిమిషాలదే. డీవీడీ మీద 153, 154 నిమిషాలుంటే కోత పడిందని కంగారుపడొద్దు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను పాల్ అనే పాత టీవీ పద్ధతిలో 25తో నడిపితే నాలుగు శాతం తగ్గి సరిగ్గా అంతే వస్తుంది. 150 కన్నా తక్కువ చూపిస్తే మాత్రం ఆ కాపీ వద్దు.