ఐజు కొండ మీద పందొమ్మిది సమాధులు, కాస్త ఎడంగా ఇంకొకటి

సమురాయ్‌ల చోటు అనగానే అందరూ టోక్యోలోని సెంగాకుజి గుడికే పంపిస్తారు. మేమూ అక్కడే మొదలుపెట్టాం. ప్రభువు కోసం పగ తీర్చుకుని, 1703లో ప్రభుత్వ ఆజ్ఞతో కడుపు చీల్చుకున్న ఆకో సంస్థానపు సమురాయ్‌ల సమాధులు అవి. స్టేషన్‌కి దగ్గర, గుడిలోకి టికెట్ లేదు, గంట చాలు. చట్టాన్ని మీరినవాళ్లని ధర్మపరులు అనవచ్చా అని ఆనాటి పండితులే వాదించుకున్నారట.

నా మనసు నిలిచిపోయింది మాత్రం టోక్యోకి ఉత్తరాన, ఐజు-వకమాత్సు అనే ఊళ్లో. టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో కోరియామా దాకా వెళ్లి, అక్కడ చిన్న రైలు మారాలి. మొత్తం దాదాపు మూడు గంటలు.

ముందు నిస్షిన్‌కాన్ చూడండి. సమురాయ్ పిల్లల కోసం 1803లో కట్టిన బడి అది. 1868 అంతర్యుద్ధంలో కాలిపోతే, 1987లో వేరేచోట మళ్లీ కట్టారు. ఊరికి దూరం, బస్సులు తక్కువ, టాక్సీ మాట్లాడుకోవడమే నయం. బడిలో చేరకముందే, ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి కొన్ని నియమాలు ఉండేవి. అబద్ధం ఆడకూడదు. పిరికిపని చేయకూడదు. బలహీనుల్ని ఏడిపించకూడదు. బయట ఆడవాళ్లతో మాట్లాడకూడదు అని కూడా ఉంది, అది నాకు మింగుడుపడలేదు. చివరి మాట: చేయకూడనిది చేయకూడదు, అంతే. ఎందుకు అన్న ప్రశ్నకి అందులో చోటే లేదు.

ఆ మాట బరువు ఈమోరియామా కొండ ఎక్కాక తెలిసింది. మెట్లు నిటారుగా ఉంటాయి. పెద్దవాళ్లకి డబ్బు కడితే ఎక్కించే కదిలే దారి ఉంది, వాడుకోండి. 1868లో ఐజు తరఫున పోరాడిన బ్యక్కోతాయ్ అనే దళంలోని పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లు ఇక్కడి నుంచి ఊళ్లోని తమ ప్రభువు కోట వైపు పొగ చూశారు. కోట పడిపోయిందనుకుని తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. అప్పటికి కోట పడలేదు. ఇంకో నెల నిలబడింది. నేనూ అక్కడ నిలబడి చూశాను, కోట చాలా చిన్నగా కనిపిస్తుంది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

కోట 1965లో కాంక్రీటుతో మళ్లీ కట్టింది. లోపల మ్యూజియం. తొందరలో ఉంటే బయట రాతిగోడలు చూస్తే చాలు.

బస హిగాషియామా వేడినీటి ఊటల దగ్గర తీసుకున్నాం. స్నానం, పరుపు అద్భుతం. శాకాహారం అని ముందే రాసినా, సూప్‌లో దాషి, అంటే చేపలతో కాచిన రసం, వచ్చింది. అడగ్గానే మార్చారు. మాంసం వద్దంటే సరిపోదు, దాషి కూడా వద్దని విడిగా చెప్పండి.

కొండ మీద ఆ కుర్రాళ్ల పందొమ్మిది సమాధులకి కాస్త ఎడంగా ఇంకొకటి ఉంది. వాళ్లలో గొంతు కోసుకున్నా బతికి బయటపడిన ఈనుమా సదాకిచిది. తర్వాత టెలిగ్రాఫ్ ఉద్యోగం చేసి, 1931 దాకా జీవించాడు. పూలు కొన్ని అక్కడా పెట్టి దిగాం.